రొద పుట్టిన చోటు

చెవికి సోకే ధ్వనులకు మన భాషలో ఉన్నన్ని పేర్లు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సడి, సవ్వడి, సద్దు, చప్పుడు, కలకలం, ఘోష, రొద... ఒక్కొక్కదానికీ ఒక్కొక్క ఛాయ. ఆకు కదిలితే సవ్వడి, గిన్నె జారిపడితే చప్పుడు, సముద్రానిది ఘోష. మనం వినదలచిన మాటను విననీయకుండా అడ్డుపడే దానిని మాత్రం రొద అంటాము. ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు ‘నాయిస్’ అని వ్యవహరించే దానికి ఇంతకంటే తగిన మాట నాకు ఇంతవరకు దొరకలేదు. ఆ రొద చాలామటుకు చెవికి వినపడదు. తీగలలోను, సర్క్యూట్ బోర్డు మీది రాగి గీతలలోను ప్రవహించే విద్యుత్తు మీదికి పిలవకుండా వచ్చి చేరే అలజడి అది. వినపడదు కనుకనే దాని జాడ తీయడం కష్టం. జాడ తెలియనప్పుడు ఎవరో ఒకరి మీద నెపం వేయడం సులభం.

ఈ సంస్థలో చేరిన నాటినుంచి నా ఉద్యోగ జీవితంలో అధిక భాగం ఈ రొదతోనే గడిచింది. ఇది కుటుంబ సభ్యులందరూ చదివే పత్రిక కనుక సూత్రాలను, సమీకరణాలను పక్కన పెట్టి, ఒక రొద ఎక్కడ పుట్టిందో వెతికిన వైనాన్ని, అది తేలకపోతే ఎవరికి నష్టం జరిగేదో ఆ సంగతిని చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందుగా, స్విచింగ్ రెగ్యులేటర్ అంటే ఏమిటో స్థూలంగా తెలుసుకుందాం. మీ ఇంట్లో సెల్‌ఫోను ఛార్జరులోను, టీవీలోను, ఎల్‌ఈడీ బల్బు అడుగున ఉన్న తెల్లని డొప్పలోను అలాంటి సర్క్యూటే పనిచేస్తూ ఉంటుంది. ఎక్కువ వోల్టేజిని తక్కువ వోల్టేజిగా మార్చి, లోడు పెరిగినా తగ్గినా దానిని నిలకడగా ఉంచడం దాని పని. ఈ పనిని చేయడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. కుళాయిని సగం తిప్పి నీటి వేగాన్ని తగ్గించినట్లు, అదనపు వోల్టేజిని ఒక ట్రాన్సిస్టరు తన మీద మోస్తుంది. దీనిని లీనియర్ రెగ్యులేటర్ అంటారు. పద్ధతి ప్రశాంతమైనదే కాని ఖరీదు వేడి రూపంలో చెల్లించాలి. 24 వోల్టుల నుంచి 5 వోల్టులు తీసి 2 ఆంపియర్లు వాడుకుంటే మనకు దక్కేది 10 వాట్లు. వేడిగా పోయేది 38 వాట్లు. అంటే కార్డు మీద ఒక సాల్డరింగ్ ఐరన్‌ను నిరంతరం వెలిగించి ఉంచినట్లే లెక్క.

స్విచింగ్ పద్ధతిలో కుళాయిని సగం తిప్పడం అనేది లేదు. పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం మాత్రమే. చెరువు తూమును ఒక లెక్క ప్రకారం ఎత్తి దించుతూ, కింద ఉన్న తొట్టిలో నీటిమట్టం మారకుండా చూసుకోవడం వంటిది. నేను చెప్పబోయే కార్డులో ఆ తూము సెకనుకు 1,50,000 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ప్రతి విడతలోను సుమారు ఒకటిన్నర మైక్రోసెకన్లు తెరిచి ఉంటుంది, మిగిలిన అయిదు మైక్రోసెకన్లకు పైగా మూసి ఉంటుంది. తొట్టి పాత్రను కెపాసిటరు పోషిస్తుంది. తూముకు తొట్టికి నడుమ ఉండే కాయిల్‌ను మన ఇంటి తిరగలితో పోల్చవచ్చు. తిరగలిని ఒక్కసారిగా తిప్పలేము, తిరుగుతున్న దానిని ఒక్కసారిగా ఆపనూలేము. చేయి తీసినా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. కాయిల్‌లో కరెంటు స్వభావమూ అంతే. అందుచేత విడతలు విడతలుగా వచ్చిన విద్యుత్తు అటువైపు దాదాపు ధారగా చేరుతుంది. ఇచ్చిన దానిలో ఎనభై శాతమో అంతకు మించియో మనకు దక్కుతుంది. ముందు చెప్పిన 38 వాట్ల వేడి రెండున్నర వాట్లకు దిగుతుంది.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1976లో సిలికాన్ జనరల్ సంస్థ నుంచి రాబర్ట్ మామ్మానో రూపొందించిన కంట్రోలు చిప్పు రావడంతో, అంతకుముందు అనేక విడిభాగాలతో చేయవలసిన నియంత్రణ ఒకే చిప్పులో ఒదిగింది. మరుసటి సంవత్సరం, 1977లో, ఆపిల్ టూ కంప్యూటరులో రాడ్ హోల్ట్ ఇటువంటి సప్లయినే అమర్చాడు. పెట్టె తేలికైంది, ఫ్యాను అవసరం లేకపోయింది. ఈనాడు ఆ పాత లీనియర్ పద్ధతి, రొద ఏమాత్రం పనికిరాని కొన్ని చోట్లకు, చిన్న చిన్న కరెంట్లకు పరిమితమైంది.

లాభం ఉన్న చోట దాని వెంట ఒక బాధ కూడా ఉంటుంది. తూమును అంత వేగంగా ఎత్తి దించితే నీటిలో రెండు రకాల అలజడి పుడుతుంది. మొదటిది తొట్టిలో లేచి పడే చిన్న అల. దీనిని రిపుల్ అంటారు. ఇది స్విచింగ్ వేగంతోనే వస్తుంది, ముందుగానే లెక్క కట్టవచ్చు, కెపాసిటరును సరిగా ఎంచుకుంటే అదుపులో ఉంటుంది. రెండవది తలుపు దభాలున పడినప్పుడు చట్రం అదిరే అదురు వంటిది. గంటను ఒక్కసారి కొడితే కాసేపు మోగినట్లు, స్విచ్ మారిన ప్రతిసారీ సెకనుకు కోట్ల పర్యాయాల వేగంతో ఒక మోత పుట్టి, క్షణంలో వెయ్యోవంతు కూడా గడవకముందే ఆగిపోతుంది. మొదటిది సాధువు, రెండవది గడుసుది. తొట్టిని ఎంత పెద్దది చేసినా రెండవది లొంగదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

2012 వేసవిలో మన విభాగం తయారుచేసిన కొన్ని కార్డుల మీద ఫిర్యాదు వచ్చింది. అవి ఒక నీటి సరఫరా పథకపు పంపింగ్ స్టేషనులో పెద్ద మోటార్ల బేరింగుల ఉష్ణోగ్రతను చూసే కార్డులు. బేరింగులో అమర్చిన ప్లాటినం సెన్సరు సున్నా డిగ్రీల వద్ద 100 ఓములు ఉంటుంది. ఒక్కొక్క డిగ్రీకి 0.385 ఓములు చొప్పున పెరుగుతుంది. దాని గుండా ఒక మిల్లీ ఆంపియరు కరెంటు పంపితే, ఒక డిగ్రీ తేడా మనకు 0.385 మిల్లీవోల్టుగా కనిపిస్తుంది. అంటే మూడు మిల్లీవోల్టుల తప్పుడు కొలత చొరబడితే చాలు, ఎనిమిది డిగ్రీల జ్వరం లేని బేరింగుకు జ్వరం వచ్చినట్లే. సరిగ్గా అదే జరుగుతున్నది. 78 డిగ్రీల దగ్గర నిలకడగా నడుస్తున్న మోటారుకు కార్డు 86 చూపించి అర్ధరాత్రి గంట మోగించేది. డ్యూటీలోని ఆపరేటరు పరుగెత్తి వెళ్లి చేతితో తాకి చూస్తే బేరింగు మామూలుగానే ఉండేది. పదే పదే ఇలా జరిగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఒకనాడు నిజంగా వేడెక్కినప్పుడు మోగే గంటను కూడా ఎవరూ లెక్కచేయరు.

కార్డులు మన బెంచి మీద మాత్రం బుద్ధిగా పనిచేసేవి. తనిఖీలో, తిరిగి వచ్చిన రెండు కార్డులకు సాల్డరింగ్ మళ్లీ చేసి పంపితే కొద్ది రోజులు ఫిర్యాదు రాలేదు. దానితో కారణం దొరికినట్లు అందరూ భావించారు. ‘సాల్డరింగ్ నాణ్యతాలోపం’ అని నివేదిక తయారైంది. అసెంబ్లీ సెక్షనులో ఆ బ్యాచిని అతికిన ఇద్దరు మహిళా ఉద్యోగులకు మెమోలు వెళ్లాయి. వారిద్దరూ ఇరవై ఏళ్లకు పైగా అదే పని చేస్తున్నవారు. ఆ ఇద్దరిలో ఒకరికి జూలైలో పదోన్నతి ఇంటర్వ్యూ ఉంది. జవాబు తేలని మెమో ఫైలులో ఉండగా ఇంటర్వ్యూకు పిలుపు రాదన్న సంగతి మనందరికీ తెలిసినదే.

ఇంతలో ఆ మళ్లీ అతికిన కార్డులు కూడా తిరిగి గంట కొట్టడం మొదలుపెట్టాయి. అప్పుడు ముగ్గురితో ఒక కమిటీ వేశారు. అందులో నేనొకడిని. మేము చేరేసరికి రెండు చికిత్సలు అప్పటికే జరిగి ఉన్నాయి. అవుట్‌పుట్ వద్ద పెద్ద కెపాసిటర్లు చేర్చారు. సాఫ్ట్‌వేరులో పదహారు కొలతల సగటు తీసే ఏర్పాటు చేశారు. రెండింటివల్లా ప్రయోజనం కనిపించలేదు. ఇవి ఎందుకు ఫలించలేదో ఆలోచిస్తేనే రోగం గురించి చాలా తెలుస్తుంది.

సగటు తీయడం వల్ల అటూ ఇటూ ఊగే తప్పు పోతుంది. ఒకేవైపు ఒరిగిన తప్పు పోదు. కోట్ల పర్యాయాల వేగంతో వచ్చే మోతను సెన్సరు కొలతను పెంచే యాంప్లిఫయరు అనుసరించలేదు. కాని దాని ముఖద్వారం వద్ద ఉండే ట్రాన్సిస్టర్లు ఆ మోతలో ఒక సగాన్ని ఎక్కువగా, మరొక సగాన్ని తక్కువగా స్వీకరించి, రేడియోలోని డయోడు వలె దానిని ఒక నిలకడైన చిన్న వోల్టేజిగా మార్చివేస్తాయి. ఆ తరువాత అది అచ్చం ఉష్ణోగ్రత లాగానే కనిపిస్తుంది. ఎన్ని వేల కొలతల సగటు తీసినా ఆ ఎనిమిది డిగ్రీలు అలాగే ఉంటాయి. దొంగ ఇంటి మనిషి దుస్తులు వేసుకుని కూర్చున్నాడన్నమాట.

మొదట మేము చేసిన పని, బెంచి మీద జబ్బును రప్పించడం. పంపింగ్ స్టేషనులో అన్ని రిలేలు ఎక్కినప్పుడు కార్డు దాదాపు 2 ఆంపియర్లు తీసుకుంటుంది. మన బెంచి మీద రిలేలు కట్టకుండా పరీక్షించడం వల్ల అందులో నాలుగోవంతు కూడా తీసుకోవడం లేదు. అయిదు వోల్టుల సప్లయికి తగిన రెసిస్టరు తగిలించి పూర్తి లోడు వేయగానే, బెంచి మీది కార్డు కూడా ఏడెనిమిది డిగ్రీలు అబద్ధమాడసాగింది. రోగి మన ఎదుట దగ్గితే సగం వైద్యం అయినట్లే.

తరువాత ఆసిలోస్కోప్ తగిలించాము. తెర మీద 420 మిల్లీవోల్టుల ముళ్లు కనిపించాయి. మాతో ఉన్న సీనియర్ టెక్నీషియన్ వయసులోను, అనుభవంలోను మా ముగ్గురికంటె పెద్దవారు. ఆయన తెర వంక చూసి, “సార్, సాక్షి చెప్పేది రాసుకునే ముందు సాక్షి ఎటువంటివాడో చూద్దాం” అన్నారు. ప్రోబు మొనను, దాని గ్రౌండు క్లిప్పును రెండింటినీ తీసుకువెళ్లి కార్డు మీద ఒకే గ్రౌండు బిందువుకు తాకించారు. ఒకే చోట రెండూ తాకితే తెర మీద సున్నా రావాలి. 260 మిల్లీవోల్టులు వచ్చింది!

ఇందులో మాయ ఏమీ లేదు. ప్రోబుకు వేలాడే గ్రౌండు తీగ పదిహేను సెంటీమీటర్ల పొడవుంటుంది. ఆ తీగ, ప్రోబు కలిసి ఒక ఉచ్చు వంటి వలయం అవుతుంది. చుట్టూ గాలిలో ఉన్న అయస్కాంత క్షేత్రపు మార్పునంతటినీ ఆ వలయం పట్టి తెర మీద వేస్తుంది. ఆయన ఆ తీగను తీసివేసి, ప్రోబు మొన మీది ప్లాస్టిక్ టోపీని లాగి, లోపలి లోహపు గొట్టానికి రాగి తీగను స్ప్రింగులా చుట్టి, సెంటీమీటరుకు మించని కాలు ఒకటి బయటికి వదిలారు. మొన కెపాసిటరు ఒక కాలి మీద, ఆ తీగ రెండో కాలి మీద. ఇప్పుడు ముళ్లు 150 మిల్లీవోల్టులకు తగ్గాయి. ఆ 150 మాత్రమే కార్డుది, తక్కినది మా తీగ సంపాదించినది. లేని రొదను తగ్గించడానికి వారాలు వృథా చేసిన ప్రాజెక్టులను నేను ఎరుగుదును. కనుక కొలిచే పరికరాన్ని ముందు కొలవాలన్నది ఈ పనిలో మొదటి నియమం.

ఆ మిగిలిన మోత ఎక్కడ పుడుతున్నది? దానికీ ఒక పాత కిటుకు ఉంది. స్విచ్ వద్ద చూస్తే మోత 60 మెగాహెర్ట్జ్‌లో ఉంది. డయోడుకు అడ్డంగా చిన్న చిన్న కెపాసిటర్లు చేర్చుకుంటూ పోయి, మోత వేగం సరిగ్గా సగానికి, అంటే 30 మెగాహెర్ట్జ్‌కు దిగేవరకు చూశాము. 660 పికోఫారడ్ల వద్ద దిగింది. వేగం సగమైందంటే కెపాసిటెన్సు నాలుగు రెట్లు అయిందని అర్థం. అంటే మనం చేర్చినది అక్కడ అంతకుముందే దాగి ఉన్న దానికి మూడు రెట్లు. దాగి ఉన్నది 220 పికోఫారడ్లు. ఇది తెలిస్తే దానితో జతకట్టి మోగుతున్న ఇండక్టెన్సు ఎంతో లెక్క తేలుతుంది. సుమారు 32 నానోహెన్రీలు వచ్చింది.

బోర్డు మీద ఎవరూ అంత ఇండక్టెన్సు పెట్టలేదు. మరి అది ఎక్కడిది? ఉత్త రాగి గీతదే. సన్నని తీగకు మిల్లీమీటరుకు ఉరమరగా ఒక నానోహెన్రీ ఉంటుంది, వెడల్పైన గీతకు కొంత తక్కువ. కాబట్టి మూడు నాలుగు సెంటీమీటర్ల దారి ఏదో ఉండాలి. పైగా ఆ దారిలో కరెంటు హఠాత్తుగా మొదలై హఠాత్తుగా ఆగుతూ ఉండాలి.

అందరి అనుమానమూ కాయిల్ మీదికి పోతుంది, పెద్దగా కనిపిస్తుంది కనుక. కాని కాయిల్‌లో కరెంటు తిరగలి లాంటిదని ముందే అనుకున్నాము. అది హఠాత్తుగా మారదు. హఠాత్తుగా మారేది మరొక చోట. తూము తెరిచినప్పుడు కరెంటు ఇన్‌పుట్ కెపాసిటరు నుంచి స్విచ్ మీదుగా వస్తుంది. మూసినప్పుడు డయోడు మీదుగా వస్తుంది. అంటే ఇన్‌పుట్ కెపాసిటరు, స్విచ్, డయోడు, మళ్లీ కెపాసిటరు, ఈ చిన్న చుట్టులో 2 ఆంపియర్లు 20 నానోసెకన్లలో పుట్టి గిట్టుతూ ఉంటాయి. 30 నానోహెన్రీల దారిలో అంత వేగంగా కరెంటు మారితే 3 వోల్టుల కుదుపు పుడుతుంది. ఎక్కడికి బయలుదేరినా కరెంటు తాను పుట్టిన చోటికి తిరిగి చేరి తీరాలి. ఆ తిరుగుదారి ఎంత దూరమైతే రొద అంత పెద్దది.

బోర్డును చూశాము. ఇన్‌పుట్ కెపాసిటరు డయోడుకు రెండు సెంటీమీటర్ల దూరంలో ఉంది. పోయి రావడానికి నాలుగు సెంటీమీటర్లు. లెక్క, రాగి గీత ఒకే మాట చెప్పాయి. మా టెక్నీషియన్ తన ఇంటి నుంచి తెచ్చిన జేబు రేడియో కూడా అదే సాక్ష్యం పలికింది. మీడియం వేవ్‌లో 750 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే 1,50,000కు అయిదో రెట్టు దగ్గర ముల్లు పెట్టి కార్డు పక్కన జరుపుతూ పోతే, ఆ కెపాసిటరుకు, డయోడుకు నడుమ చేరినప్పుడు దాని గరగర తారస్థాయికి లేచింది.

ఇక పాత ఫైలు తీశాము. అంతకుముందు సంవత్సరం ఇదే కార్డు నలభైకి పైగా పంపాము. ఒక్క ఫిర్యాదు రాలేదు. అతికినది ఆ ఇద్దరే. పాత బోర్డును, కొత్త బోర్డును పక్కపక్కన పెడితే చిన్నపిల్లలకైనా తేడా కనిపిస్తుంది. కొత్తగా ఒక కనెక్టరుకు చోటు కల్పించడం కోసం లేఅవుట్ సవరించినప్పుడు ఆ కెపాసిటరును అవతలికి జరిపారు. డ్రాయింగులో రెండు గీతలు రెండు గీతలుగానే ఉన్నాయి. కలపవలసిన చోట్లన్నీ కలిసే ఉన్నాయి. సర్క్యూట్ ప్రకారం ఏ తప్పూ లేదు. దూరం మాత్రమే పెరిగింది, డ్రాయింగు దూరాన్ని చెప్పదు.

మరి సాల్డరింగ్ మళ్లీ చేస్తే కొద్ది రోజులు ఎందుకు నయమైంది? ఆ రెండు కార్డులనూ పరిశీలిస్తే అదీ తెలిసింది. మళ్లీ అతికేటప్పుడు కెపాసిటరును బోర్డుకు ఆనించి కాళ్లు పొట్టిగా కత్తిరించారు. కాళ్లలో మిగిలిన అయిదారు మిల్లీమీటర్లు తగ్గడంతో రొద కాస్త తగ్గి గంట మోగే హద్దుకు కొద్దిగా కింద నిలిచింది. ఎండలు ముదిరి బేరింగుల అసలు ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు పెరగగానే మళ్లీ హద్దు దాటింది. మందు రోగాన్ని తాకింది కాని, తాకిన కారణం వేరు. అర్ధసత్యం మనిషిని దారి తప్పించినంతగా అసత్యం తప్పించలేదు.

నిర్ధారణ కోసం 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు ఒకదానిని బోర్డు వెనుక వైపున, స్విచ్ కాలికి, డయోడు కాలికి నేరుగా అతికించాము. పాత కెపాసిటరును తీయలేదు. పెద్ద పెద్ద విడతలను అదే భరించాలి. ఈ చిన్నది దగ్గరి దారి చూపడానికి మాత్రమే. మోత 107 మెగాహెర్ట్జ్‌కు ఎగబాకి, ఎత్తులో మూడోవంతుకు పడిపోయింది. వేగం పెరగడం మంచి గుర్తే, దారి ఇండక్టెన్సు 10 నానోహెన్రీలకు దిగిందని దాని అర్థం. మిగిలిన మోతను అణచడానికి డయోడుకు అడ్డంగా 6.8 ఓముల రెసిస్టరును, 1000 పికోఫారడ్ల కెపాసిటరును వరుసగా కలిపి పెట్టాము. మోగే గంట మీద అరచేయి ఆనించడం వంటిది ఇది. దీనివల్ల అదనంగా ఖర్చయ్యేది వాటులో పదోవంతు కన్న తక్కువ. చివరగా, సెన్సరు గ్రౌండు గీత ఈ స్విచింగ్ చుట్టు వాడుకునే రాగి మీదుగానే పోతున్నందున, ఆ గీతను ఒకచోట కోసి, వేరే తీగతో నేరుగా కొలత విభాగానికి కలిపాము. ఇంటి మురుగునీటి కాలువను, మంచినీటి గొట్టాన్ని వేరుచేసినట్లు.

పూర్తి లోడు మీద ఎనిమిది డిగ్రీల అబద్ధం 0.2 డిగ్రీల లోపుకు దిగింది. మూడు రోజులు వరుసగా నడిపి చూశాము. అప్పుడు అసెంబ్లీ సెక్షనుకు వెళ్లి ఆ ఇద్దరినీ ల్యాబుకు పిలిచి, పాత బోర్డును, కొత్త బోర్డును చూపించి, “మీ పనిలో లోపం లేదమ్మా, కెపాసిటరు చోటు మారింది” అని చెప్పాను. ఒకరు మౌనంగా తల ఊపారు. పదోన్నతి కోసం ఎదురుచూస్తున్నావిడ కొత్త బోర్డును చేతిలోకి తీసుకుని, వెలుతురుకు ఎత్తి తాము అతికిన ఒక్కొక్క బిందువునూ చాలాసేపు చూశారు. తరువాత అన్నారు: “రెండు నెలలుగా మా చేతుల మీద మాకే అనుమానం పట్టుకుంది సార్. ఇంటి దగ్గర కూర తరుగుతున్నా చేయి వణుకుతున్నదేమోనని చూసుకునేదాన్ని.”

ఈ మాట నేను మరిచిపోలేదు. నాణ్యతా నివేదికలో ఒక్క పదం రాయడానికి మనకు క్షణం పడుతుంది. అది చేరిన చోట ఒక మనిషి తన ఇరవై ఏళ్ల పనితనాన్ని శంకించుకోవడం మొదలవుతుంది. కమిటీ నివేదిక మొదటి పేరాలోనే ‘సాల్డరింగ్‌లో లోపం లేదు’ అని రాశాము. మెమోలు ఉపసంహరించారు. జూలైలో ఆవిడ ఇంటర్వ్యూకు వెళ్లారు, పదోన్నతి పొందారు. పంపింగ్ స్టేషనులోని కార్డులన్నింటికీ అక్కడికే వెళ్లి సవరణ చేశాము. ఆ సవరణ పనిలో సాల్డరింగ్ చేసినది కూడా ఆ ఇద్దరే.

ఇటువంటి సమస్య ఎదురయ్యే యువ ఇంజనీర్లకు, ఇంటి వద్ద సరదాకు సర్క్యూట్లు కట్టే మన పిల్లలకు నాలుగు మాటలు. జబ్బు కనిపించే పరిస్థితిని ముందు బెంచి మీదికి తెచ్చుకోండి. పూర్తి లోడు లేకుండా చేసిన పరీక్ష పరీక్ష కాదు. ప్రోబు మొనను దాని గ్రౌండుకే తాకించి, మీ పరికరం ఎంత రొదను సొంతంగా పోగు చేస్తున్నదో తెలుసుకోండి. తెర మీద కనిపించేది నిదానమైన అలా, హఠాత్తు మోతా అన్నది వేరు చేయండి. అల అయితే అవుట్‌పుట్ కెపాసిటరును చూడాలి. పాత పరికరమైతే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు లోపలి ద్రవం ఎండిపోయి ఉండవచ్చు. పరిసరాల వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. సిరామిక్ కెపాసిటరు అయితే దాని మీద వోల్టేజి పెరిగే కొద్దీ అసలు విలువ తగ్గిపోయే రకాలు చాలా ఉన్నాయి, పైన రాసిన విలువను నమ్మకూడదు. మోత అయితే మాత్రం విడిభాగాలను మార్చకండి, దారిని వెతకండి. కరెంటు హఠాత్తుగా మారే చుట్టు ఎక్కడ ఉందో బోర్డు బొమ్మ మీద పెన్సిలుతో గీసి, దానిని వీలైనంత చిన్నది చేయండి. కాయిల్ సన్నగా కీచుమని చెవికే వినపడితే, లోడు తక్కువైనప్పుడు రెగ్యులేటరు విడతలు దాటవేస్తూ వినికిడి హద్దులోకి దిగుతున్నదేమో చూడండి. ప్రతిసారీ అది ప్రమాదం కాదు.

గృహిణులకూ ఒక మాట. నాసిరకం ఛార్జరు తగిలించినప్పుడు సెల్‌ఫోను తెర వేలు పెట్టిన చోట కాక మరోచోట స్పందిస్తే, దోషం ఫోనుది కాకపోవచ్చు. ఛార్జరు లోపలి రొద ఫోను శరీరం గుండా మీ వేలి వరకు దారి వెతుక్కుంటున్నదన్నమాట. కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ బల్బు వెలిగించగానే రేడియో గరగరలాడితే దానికీ కారణం ఇదే. బల్బు ఆర్పి చూడండి, రేడియోను బాగుచేసేవాని దగ్గరికి వెళ్లే ఖర్చు తప్పుతుంది.

మన విభాగంలో ఇప్పుడు కొత్త బోర్డు లేఅవుట్ ఏది వచ్చినా సంతకం చేసేముందు పరిశీలించవలసిన పట్టికలో మొదటి వరుస, ఇన్‌పుట్ కెపాసిటరుకు డయోడుకు నడుమ దూరం ఎన్ని మిల్లీమీటర్లు అన్నది. ఆ పక్కనే మరొక వరుస కూడా చేర్చాము: పనివారి లోపమని రాసే ముందు, ఇంతకుముందు ఇదే చేతులతో తయారై బాగా పనిచేసిన కార్డును పక్కన పెట్టి చూశారా? రెండో వరుసకు ఎదురుగా కూడా సంతకం తప్పనిసరి.